పొలం నుంచి ప్యాకెట్ వరకు: ప్రాసెస్ చేసిన ఆహారాలలో గంజిపిండి, దాని ఉత్పన్నాలు

సూపు పొడి, కస్టర్డ్ పొడి, ఐస్‌క్రీము, నూడుల్స్, మిఠాయి బిళ్లలు, పండ్లరసపు పొడులు మొదలైన వాటి ప్యాకెట్ల వెనుక ముద్రించే పదార్థాల జాబితాలో కొన్ని పేర్లు తరచుగా కనబడుతాయి. స్టార్చ్, సవరించిన స్టార్చ్ (ఐ.ఎన్.ఎస్. 1422), మాల్టోడెక్స్‌ట్రిన్, లిక్విడ్ గ్లూకోజ్ వాటిలో ముఖ్యమైనవి. పేర్లు వేరైనా వీటన్నిటి పుట్టుక ఒక్కటే. మొక్కజొన్న గింజలోనో, కర్రపెండలం దుంపలోనో మొక్క తన అవసరానికి దాచుకున్న పిండిపదార్థమే వీటికి మూలం.

ఈ రెండు పంటలూ తెలుగు రాష్ట్రాల రైతులకు పరిచితమైనవే. మొక్కజొన్న ఉభయ రాష్ట్రాలలోను విస్తారంగా సాగవుతున్నది. కర్రపెండలం పూర్వపు తూర్పుగోదావరి జిల్లా మెట్ట ప్రాంతాలలోను, మన్యంలోను ప్రధానంగా వర్షాధారంగా పండుతున్నది. పెద్దాపురం, సామర్లకోట పరిసరాలలోని సగ్గుబియ్యం మిల్లులు ఈ పంటపై ఆధారపడినవే. అయితే రైతు దృష్టి సాధారణంగా దిగుబడి తూకం మీద ఉంటుంది; కర్మాగారం దృష్టి అందులోని పిండి శాతం మీద, తెల్లదనం మీద, చిక్కదనం మీద ఉంటుంది. ఈ రెండు దృష్టుల మధ్య ఉన్న దూరమే అనేక సందర్భాలలో రైతుకు నష్టంగా, వినియోగదారునికి సందేహంగా పరిణమిస్తున్నది. ఆ దూరాన్ని తగ్గించగలిగిన స్థానంలో ఉన్నవారు విస్తరణ శాస్త్రవేత్తలు. అందుకు గంజిపిండి స్వభావాన్ని, ఆహార పరిశ్రమలో దాని వినియోగాన్ని మొదట తెలుసుకొనవలసి ఉన్నది.

పిండిపదార్థం నిర్మాణం

పిండిపదార్థం గ్లూకోజ్ అణువుల గొలుసు. ఈ గొలుసు రెండు రూపాలలో ఉంటుంది. దాదాపు శాఖలు లేకుండా సాగే రూపం అమైలోజ్. చెట్టు కొమ్మల వలె విస్తారంగా శాఖలు వేసే రూపం అమైలోపెక్టిన్. సాధారణ పంటలలో అమైలోజ్ 20 నుంచి 30 శాతం వరకు, మిగిలినది అమైలోపెక్టిన్‌గా ఉంటుంది. ఈ రెండూ కలిసి సూక్ష్మమైన రేణువులుగా కణాలలో నిల్వ ఉంటాయి. బియ్యపు పిండి రేణువులు 3 నుంచి 8 మైక్రాన్ల చిన్న పరిమాణంలో ఉండగా, బంగాళాదుంప రేణువులలో కొన్ని 100 మైక్రాన్ల వరకు పెరుగుతాయి. మొక్కజొన్న, కర్రపెండలం రేణువులు ఈ రెంటికీ మధ్యస్థంగా ఉంటాయి.

విద్యార్థులు ప్రయోగశాలలో చేసే అయోడిన్ పరీక్ష ఈ నిర్మాణ భేదాన్నే చూపుతుంది. అమైలోజ్ సర్పిలాకారపు మడతలలో అయోడిన్ ఇమిడి ముదురు నీలిరంగు ఏర్పడుతుంది. అమైలోజ్ దాదాపు లేని జిగురు మొక్కజొన్న పిండిపై అదే అయోడిన్ ఎర్రని గోధుమవర్ణాన్ని ఇస్తుంది. పాలలో గంజి కల్తీని గుర్తించడానికి వాడే పరీక్ష కూడా ఇదే.

వేడి, నీరు, చల్లదనం

గంజిపిండి చల్లని నీటిలో కరగదు. కొంతసేపటికి అడుగుకు చేరుతుంది. దుంపను తురిమి, నీటితో కడిగి, వడకట్టి, తేర్చి పిండిని వేరుచేసే పద్ధతికి ఈ గుణమే ఆధారం. అదే పిండిని నీటితో కలిపి వేడిచేసినపుడు, సుమారు 60 నుంచి 70 డిగ్రీల సెంటీగ్రేడ్ మధ్య రేణువులు నీటిని పీల్చుకొని అనేక రెట్లు ఉబ్బుతాయి, ద్రవం చిక్కబడుతుంది. దీనిని జెలటినైజేషన్ అంటారు. ఈ ఉష్ణోగ్రత పంటను బట్టి కొంత మారుతుంది. బియ్యపు పిండికి సాధారణంగా ఇంకా ఎక్కువ వేడి అవసరం.

ఉబ్బిన రేణువులను ఇంకా ఉడికించినా, బలంగా కలిపినా, పులుపు చేర్చినా అవి చితికిపోయి చిక్కదనం తగ్గుతుంది. చల్లారినపుడు మూడవ మార్పు మొదలవుతుంది. విడివడిన అమైలోజ్ గొలుసులు మళ్లీ దగ్గరకు చేరి, వరుసగా అమరి గట్టిపడుతాయి. రెట్రోగ్రేడేషన్ అనే ఈ మార్పు వల్లనే రాత్రి వండిన అన్నం తెల్లవారేసరికి బిరుసెక్కుతుంది, రొట్టె పాతబడుతుంది, ఫ్రిజ్‌లో ఉంచిన గ్రేవీ నుంచి నీరు విడిపోతుంది. చల్లారి గట్టిపడిన ఈ పిండిలో కొంత భాగం చిన్నప్రేగులో జీర్ణం కాకుండా పెద్దప్రేగుకు చేరుతుంది. దానిని జీర్ణనిరోధక పిండి అంటారు. చల్లారిన అన్నంలో అది కొద్దిగా పెరుగుతుంది. అయితే అన్నం పరిమాణం తగ్గించుకొనవలసిన రోగికి అది ప్రత్యామ్నాయం కాజాలదు.

ఆహార పరిశ్రమలో గంజిపిండికి సంబంధించిన సాంకేతికత అంతా ఈ మూడు మార్పుల చుట్టూనే తిరుగుతుంది. ఉబ్బడం కావాలి, కాని చితకడం కూడదు. చిక్కబడడం కావాలి, కాని నీరు విడవడం కూడదు.

పంటను బట్టి గుణం

మొక్కజొన్న పిండిలో అమైలోజ్ 25 శాతానికి పైగా ఉంటుంది. కొద్దిపాటి కొవ్వు కూడా పిండితో అంటిపెట్టుకొని ఉంటుంది. అందువలన దాని గంజి తెల్లగా, పారదర్శకత లేకుండా ఉండి, చల్లారిన తరువాత కోస్తే ముక్క వచ్చేటంత గట్టిపడుతుంది. కస్టర్డ్‌కు, కార్న్‌ఫ్లోర్ హల్వాకు ఇది అనుకూలం. గుడ్డు లేకుండా కస్టర్డ్ తయారుచేసే పొడిని ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నగరంలో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ 1837లో రూపొందించాడు. గుడ్డులోని మాంసకృత్తులు చేసే పనిని పిండి చేత చేయించడమే అందులోని సూత్రం.

కర్రపెండలం పిండిలో అమైలోజ్ 17 నుంచి 20 శాతం వరకు ఉంటుంది. కొవ్వు, మాంసకృత్తులు అత్యల్పం. కాబట్టి దానికి సొంత రుచి గాని వాసన గాని దాదాపు ఉండవు. గంజి నిగనిగలాడుతూ పారదర్శకంగా, తీగ సాగుతూ ఉంటుంది. పండ్ల గుజ్జుతో చేసే పూరకాలలో, సున్నితమైన సువాసన గల పదార్థాలలో ఈ గుణానికి విలువ ఎక్కువ. లోపం ఏమంటే దాని రేణువులు త్వరగా చితుకుతాయి. సగ్గుబియ్యం పాయసాన్ని అతిగా ఉడికించి కలియబెడితే గింజ కరిగి జావ కావడం ఇందుకు నిదర్శనం.

బంగాళాదుంప పిండిలో ఫాస్ఫేట్ సమూహాలు సహజంగానే ఉండటం వలన దాని రేణువులు అమితంగా ఉబ్బి అత్యధిక చిక్కదనాన్ని ఇస్తాయి. గోధుమ నుంచి తీసిన పిండిలో స్వల్పంగా గ్లూటెన్ మిగిలే అవకాశం ఉన్నది.

ఒక పంట పిండి దొరకనపుడు మరొక పంట దాని స్థానాన్ని ఎట్లా ఆక్రమించగలదో చరిత్రలో ఒక ఉదాహరణ ఉన్నది. చైనా నుంచి వచ్చిన జిగురు మొక్కజొన్నను అమెరికా శాస్త్రవేత్త కాలిన్స్ 1909లో వర్ణించాడు. చాలా కాలం అది వృక్షశాస్త్రపు వింతగానే మిగిలింది. రెండవ ప్రపంచ యుద్ధంలో డచ్చి ఈస్టిండీస్ దీవులు జపాను వశం కావడంతో అక్కడినుంచి అమెరికాకు కర్రపెండలం పిండి రాక నిలిచిపోయింది. అటువంటి పారదర్శకమైన గంజినిచ్చే పిండి కోసం వెదికినపుడు జిగురు మొక్కజొన్న అక్కరకు వచ్చి, వాణిజ్య పంటగా స్థిరపడింది. గుణం తెలిసిన పంటకు మార్కెట్టు ఏ నాటికైనా దొరుకుతుందని ఈ ఉదంతం తెలుపుతుంది.

తెలుగు వంటలలోని గంజిపిండి విజ్ఞానం

ఈ సూత్రాలు తెలుగువారి వంటలకు కొత్తవి కావు. ఆత్రేయపురం పూతరేకుల తయారీలో, నానబెట్టి మెత్తగా రుబ్బిన బియ్యపు పలుచని పిండిలో గుడ్డను ముంచి, బోర్లించిన వేడి కుండపై ఒక్కసారి లాగుతారు. క్షణంలో పిండి జెలటినైజేషన్ చెంది, తేమ ఆవిరై, కాగితం వంటి పొర నిలుస్తుంది. ఔషధపు పూతలలోను, తినదగిన పొరలలోను పరిశ్రమ నేడు వాడుతున్నది గంజిపిండికి గల ఈ పొర కట్టే గుణాన్నే. మాడుగుల హల్వాలో గోధుమలను నానబెట్టి రుబ్బి తీసిన పాలనే వాడుతారు. ఆ పాలలోని పిండి నేతితో, తీపితో కలిసి ఉడికి ముద్దగా నిలుస్తుంది. సగ్గుబియ్యం వడియాలలో పిండిని ముందుగా ఉడికించి, ఎండబెట్టి, తరువాత నూనెలో వేయిస్తారు. గాజువలె గట్టిపడిన పిండిలో మిగిలిన కొద్ది తేమ ఒక్కసారిగా ఆవిరై దానిని ఉబ్బిస్తుంది. అంగడిలో దొరికే అనేక ఉబ్బిన చిరుతిండ్ల తయారీ సూత్రం ఇదే.

వంటింటి ఇంగువ డబ్బా మరొక ఉదాహరణ. స్వచ్ఛమైన ఇంగువ మిక్కిలి ఘాటైనది. వాడుకలో ఉన్న పొడి ఇంగువ సాధారణంగా బంక, స్టార్చ్ లేక ధాన్యపు పిండి కలిపి పలుచన చేసిన మిశ్రమం. అందులో గోధుమ పిండి ఉన్నపుడు గ్లూటెన్ సరిపడనివారు జాగ్రత్త వహించవలసి ఉంటుంది.

సగ్గుబియ్యం తయారీ

అసలు సేగో అనేది ఆగ్నేయాసియాలో పెరిగే ఒక తాటిజాతి వృక్షపు మానులోని పిండి. భారతదేశంలో సగ్గుబియ్యం పేరుతో లభించేది కర్రపెండలం పిండితో చేసినదే. తమిళనాడులోని సేలం ప్రాంతం దీని ఉత్పత్తికి దేశంలో ప్రధాన కేంద్రం. ఆంధ్రప్రదేశ్‌లో గోదావరి మెట్ట ప్రాంతపు మిల్లులది దాని తరువాతి గుర్తింపు.

దుంపలను కడిగి, తొక్క తీసి, తురిమి, జల్లెడలపై నీటితో కడుగుతారు. పిండి పాలు తొట్లలో తేరుతాయి. తడి పిండిని గోళాలుగా దొర్లించి, జల్లించి, వేడి పెనాలపై వేపుతారు లేక ఆవిరిలో ఉడికిస్తారు, తరువాత ఎండబెడుతారు. వేడికి గింజ పైపొర మాత్రమే జెలటినైజేషన్ చెంది, లోపలి పిండిని పట్టి ఉంచుతుంది. ఆవిరిలో బాగా ఉడికినది పారదర్శకంగా మారుతుంది. దానినే నైలాన్ సగ్గుబియ్యం అంటారు. పిండి తీయగా మిగిలిన పిప్పి పశువుల దాణాలోకి పోతుంది. కర్రపెండలంలో సహజంగా ఉండే సైనైడ్ జనక పదార్థం లినమారిన్, తురమడం వలన ఎంజైముతో కలిసి విడిపోయి, కడుగుడులోను ఎండుటలోను చాలా వరకు తొలగిపోతుంది. అందుకే ఆ కడిగిన నీటిని శుద్ధి చేయకుండా చెరువులకు, కాలువలకు వదలరాదు.

సవరించిన గంజిపిండి

సహజమైన గంజిపిండి వంటింటి అవసరాలకు చాలును. కాని కర్మాగారంలో అది అధిక ఉష్ణోగ్రతను, పంపుల ఒత్తిడిని, పులుపును, నెలల తరబడి నిల్వను తట్టుకొనవలసి ఉంటుంది. ఇందుకోసం పిండిని కొద్దిగా సవరిస్తారు.

మొదటి మార్గం భౌతికమైనది. పిండిని ముందే ఉడికించి వేడి డ్రమ్ములపై పలుచగా ఆరబెట్టి పొడి చేస్తే, అది చల్లని నీటిలోనే చిక్కబడుతుంది. పొయ్యి అవసరం లేని డెజర్ట్ పొడులలో దీనిని వాడుతారు.

రెండవది అడ్డబంధాలు ఏర్పరచడం. ఫాస్ఫేట్ లేక అడిపేట్ సమూహాలతో గొలుసులను అక్కడక్కడ ముడివేస్తే రేణువు ఉబ్బుతుంది కాని చితకదు. ఐ.ఎన్.ఎస్. 1412 ఈ కోవకు చెందినది.

మూడవది స్థిరీకరణ. అసిటైల్, హైడ్రాక్సీప్రొపైల్ వంటి సమూహాలను చేర్చితే గొలుసులు మళ్లీ దగ్గరగా చేరలేవు. కాబట్టి చల్లారినా, గడ్డకట్టి కరిగినా నీరు విడవదు. ఐ.ఎన్.ఎస్. 1420, 1440 ఇందుకు ఉదాహరణలు. అడ్డబంధం, స్థిరీకరణ రెండూ కలిసినవి 1422, 1442. పులుపుగల సాస్‌లలో, గడ్డకట్టించిన వంటకాలలో, పండ్ల పూరకాలలో ఇవి తరచుగా కనబడుతాయి.

నాలుగవది పలుచన చేయడం. ఆమ్లంతో సవరించిన పిండి (1401) వేడిగా ఉన్నపుడు పలుచగా పారి, చల్లారితే గట్టి జెల్లీగా నిలుస్తుంది. జెల్లీ మిఠాయిలను అచ్చులలో పోయడానికి ఇది వీలు కల్పిస్తుంది. ఇవిగాక ఆక్టెనైల్ సక్సినేట్ చేర్చిన పిండి (1450) నూనెను, నీటిని రెంటినీ పట్టగలదు. శీతల పానీయాలలో సువాసన నూనెలు పైకి తేలకుండా ఇది కాపాడుతుంది.

ఈ అంకెలు చూసి వినియోగదారులు భయపడటం సహజం. ఆహార-వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల సంయుక్త నిపుణుల సంఘం ఈ సవరించిన పిండ్లలో చాలావాటికి దినసరి పరిమాణపు హద్దును నిర్దేశించవలసిన అవసరం లేదని భావించింది. పసిబిడ్డల ఆహారాలకు మాత్రం నిబంధనలు వేరుగా, కఠినంగా ఉంటాయి. ఈ ఆహారాల విషయంలో ఎక్కువగా ఆలోచించవలసినది అంకెను గురించి కాదు. పిండి వలన చేరే శక్తిని, పిండి స్థానభ్రంశం చేసిన పోషకాలను గురించి. చిక్కని సూపులో చిక్కదనం పప్పుది, కూరగాయలది కాక పిండిదే అయినపుడు కడుపు నిండుతుంది గాని పోషణ అందదు.

జలవిశ్లేషణ ఉత్పన్నాలు

పిండి గొలుసును తెంచితే తీపి పుడుతుంది. ఆమ్లంతో కలిపి కాచిన గంజి చక్కెరగా మారుతుందని 1811లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కిర్కాఫ్ గుర్తించాడు. మొలకెత్తిన బార్లీ నుంచి అదే పని చేసే పదార్థాన్ని 1833లో ఫ్రాన్సులో పాయెన్, పెర్సో వేరుచేసి డయాస్టేజ్ అని పేరు పెట్టారు. నేడు ఎంజైములే ఈ పరిశ్రమకు ఆధారం. వేడిని తట్టుకొనే ఆల్ఫా అమైలేజ్ ఎంజైము సుమారు 105 డిగ్రీల వద్ద పిండిని పలుచన చేస్తుంది; తరువాత 60 డిగ్రీల వద్ద గ్లూకోఅమైలేజ్ దానిని గ్లూకోజ్‌గా మారుస్తుంది.

ఎంత వరకు తెంచారనే దానిని డెక్స్‌ట్రోజ్ తుల్యాంకంతో కొలుస్తారు. శుద్ధ గ్లూకోజ్‌కు ఇది 100. తెంచని పిండికి దాదాపు సున్న. 20కి లోపు ఉన్నవి మాల్టోడెక్స్‌ట్రిన్లు, అంతకు మించినవి గ్లూకోజ్ సిరప్‌లు. లిక్విడ్ గ్లూకోజ్ మిఠాయిలలో చక్కెర పలుకులు కట్టకుండా ఆపుతుంది. గ్లూకోజ్‌లో కొంత భాగాన్ని మరొక ఎంజైముతో ఫ్రక్టోజ్‌గా మార్చితే చక్కెరతో సమానమైన తీపిగల సిరప్ లభిస్తుంది. గ్లూకోజ్‌కు హైడ్రోజన్ చేర్చితే సార్బిటాల్ తయారవుతుంది.

మాల్టోడెక్స్‌ట్రిన్‌కు తీపి చాలా తక్కువ. దాని ప్రధాన వినియోగం పొడులలో ఉన్నది. మామిడి, నిమ్మ, చింతపండు రసాలలోని చక్కెరలు, ఆమ్లాలు ఎండేటపుడు గాలిలోని తేమను పీల్చి బంకగా అంటుకుంటాయి. మాల్టోడెక్స్‌ట్రిన్ కలిపితే ఆ మిశ్రమం మెత్తబడే ఉష్ణోగ్రత పెరిగి, పొడి పొడిగానే నిలుస్తుంది. ఆహార ప్రాసెసింగ్ చిన్న పరిశ్రమను తలపెట్టే యువతకు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు ఈ విషయం తప్పక తెలియవలసినది.

ఇదే సాంకేతికత దుర్వినియోగానికి కూడా లోనయినది. తేనెలో మొక్కజొన్న సిరప్ కలిపితే కర్బన ఐసోటోపుల పరీక్షలో బయటపడుతుంది. మొక్కజొన్న, చెరకు వంటి మొక్కలు కర్బనాన్ని స్థిరీకరించే మార్గం భిన్నమైనది కావడమే కారణం. వరి నుంచి చేసిన సిరప్‌కు తేనెనిచ్చే పూలమొక్కల మార్గమే కావడం వలన ఆ పరీక్షకు దొరకదు. దానికి వేరు పరీక్షలు అవసరమవుతాయి.

లేబుల్ చదివే విధానం

భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2020లో జారీచేసిన లేబులింగ్ నిబంధనల ప్రకారం పోషక విలువల పట్టికలో మొత్తం కార్బోహైడ్రేట్లు, మొత్తం చక్కెరలు, అదనంగా కలిపిన చక్కెరలు వేర్వేరుగా చూపవలసి ఉంటుంది. మధుమేహం ఉన్నవారు సాధారణంగా చక్కెరల వరుసను మాత్రమే చూస్తారు. మాల్టోడెక్స్‌ట్రిన్ అధిక భాగం చక్కెరల వరుసలోకి రాదు. కార్బోహైడ్రేట్ల వరుసలో ఉంటుంది. కాని జీర్ణమయ్యేటపుడు అది త్వరితంగా గ్లూకోజ్‌గా మారి రక్తంలో చేరుతుంది. తీపి లేదు గనుక హాని లేదని భావించడం పొరపాటు. కాబట్టి మొత్తం కార్బోహైడ్రేట్ల అంకెను, అది ఎంత పరిమాణానికి చెప్పబడినదో కలిపి చూడాలని గృహవిజ్ఞాన శాస్త్రవేత్తలు శిక్షణలలో బోధించవలసి ఉన్నది.

పొలంలో నిర్ణయమయ్యే నాణ్యత

పై గుణాలలో అధిక భాగం కర్మాగారం గేటు దాటక ముందే నిర్ణయమై ఉంటాయి. ఇందులో మొదటిది రకం. తిరువనంతపురంలోని కేంద్రీయ దుంప పంటల పరిశోధన సంస్థ 1971లో విడుదల చేసిన హెచ్-165 రకం 8-9 నెలలలో పక్వానికి వస్తుంది. పిండి 23-25 శాతం ఉంటుంది. అదే సంస్థ హెచ్-226 రకం 10 నెలలు తీసుకుంటుంది; పిండి 28-30 శాతం ఉంటుంది. తొందరగా పొలం ఖాళీ కావడం, పిండి శాతం పెరగడం అనే రెండు ప్రయోజనాలలో ఏది ముఖ్యమో కొనుగోలు పద్ధతిని బట్టి రైతు నిర్ణయించుకోవాలి. తూకానికే ధర కట్టేచోట అధిక పిండి రకం వేసిన రైతుకు అదనపు ప్రతిఫలం లేదు.

రెండవది పోషణ. పిండి ఆకుల నుంచి దుంపకు చేరడంలో పొటాష్ పాత్ర ప్రధానం. పై సంస్థ సిఫారసులో హెక్టారుకు నత్రజని 100, భాస్వరం 50, పొటాష్ 100 కిలోలు ఉండటంలోని అంతరార్థం ఇదే. స్థానికంగా భూసార పరీక్షను అనుసరించి దీనిని సవరించుకోవాలి. తెల్లదోమ ద్వారాను, తెగులు సోకిన కర్ర ముక్కల ద్వారాను వ్యాపించే మొజాయిక్ తెగులు ఆకుల పనిని తగ్గించి దుంపలో పిండికి గండి కొడుతుంది. ఆరోగ్యమైన తోట నుంచి విత్తన కర్రను ఎన్నుకోవడమే దీనికి మొదటి రక్షణ.

మూడవది తవ్వకపు సమయం. బెట్ట తరువాత వాన పడి మొక్క కొత్తగా చిగిర్చినపుడు ఆ చిగుళ్లకు కావలసిన శక్తి దుంపలోని పిండి నుంచే పోతుంది. పక్వానికి వచ్చిన తోటను ధర కోసం వేచి ఉంచినపుడు ఈ నష్టాన్ని కూడా లెక్కించాలి.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, తవ్విన తరువాత గడిచే గంటలు. కర్రపెండలం దుంప బంగాళాదుంపలా నిల్వ ఉండదు. తవ్వగా అయిన గాయాల వద్ద మొదలైన మార్పులు 24 నుంచి 72 గంటలలో దుంపలోపల నీలి-నలుపు చారలుగా కనబడుతాయి. అటువంటి దుంప నుంచి వచ్చే పిండి తెల్లదనం కోల్పోతుంది, రాబడి తగ్గుతుంది. తెల్లదనం తగ్గిన పిండికి ధర తగ్గుతుంది గనుక దానిని రసాయనాలతో తెలుపు చేయాలనే ప్రలోభం మొదలవుతుంది. ఆ విధంగా పొలంగట్టున జరిగిన రెండు రోజుల ఆలస్యం చివరకు పసిబిడ్డకు పెట్టే సగ్గుబియ్యం జావ వరకు ప్రయాణిస్తుంది. మిల్లు వద్ద వంతు ఖరారైన తరువాతనే తవ్వకం మొదలుపెట్టడం, దుంపలను గాయపడకుండా తొడిమతో సహా కోయడం, నీడలో ఉంచి మరునాటికల్లా చేరవేయడం ఖర్చులేని జాగ్రత్తలు.

మొక్కజొన్నలో కూడా ఇటువంటి అంశమే ఉన్నది. గింజను స్వల్పంగా సల్ఫర్ డయాక్సైడ్ కలిపిన నీటిలో సుమారు 50 డిగ్రీల వద్ద ఒకటిన్నర రోజు వరకు నానబెట్టి, మొలక భాగాన్ని, పీచును, గ్లూటెన్‌ను వేరుచేసి పిండిని తీస్తారు. అధిక వేడిలో తొందరగా ఆరబెట్టిన గింజలో మాంసకృత్తులు బిగిసి పిండి సులభంగా విడిపోదు. బూజు పట్టిన గింజలోని అఫ్లటాక్సిన్ అధికంగా దాణాకు పోయే ఉపఉత్పత్తులలో చేరుతుంది. మితమైన వేడిలో, సకాలంలో ఆరబెట్టిన గింజయే పిండి పరిశ్రమకు తగినది.

పొలంగట్టున పిండి అంచనా

దుంపలో పిండి శాతాన్ని ప్రయోగశాల లేకుండానే అంచనా వేయవచ్చును. పిండి ఎక్కువైనకొద్దీ దుంప సాంద్రత పెరుగుతుంది. మట్టి లేకుండా కడిగి తుడిచిన 5 కిలోల దుంపలను గాలిలో తూచి, తరువాత వల సంచిలో వేలాడదీసి నీటిలో మునిగి ఉండగా తూచాలి. సంచి బరువును మినహాయించాలి. గాలిలోని బరువును, గాలి-నీటి బరువుల భేదంతో భాగిస్తే విశిష్ట సాంద్రత వస్తుంది. దానిని 158.3తో గుణించి 142 తీసివేస్తే పొడి పదార్థపు శాతం తెలుస్తుంది.

ఉదాహరణకు, గాలిలో 5 కిలోలున్న ఒక నమూనా నీటిలో 0.55 కిలోలు తూగితే విశిష్ట సాంద్రత 1.124, పొడి పదార్థం దాదాపు 36 శాతం. మరొక నమూనా నీటిలో 0.45 కిలోలే తూగితే సాంద్రత 1.099, పొడి పదార్థం 32 శాతం. నీటిలో తూకపు తేడా 100 గ్రాములే. కాని 5 టన్నుల లోడులో ఆ తేడా దాదాపు 2 క్వింటాళ్ల పొడి పదార్థానికి సమానం. అందులో అధిక భాగం పిండిపదార్థమే. ఒకే ధరకు అమ్మిన రెండు లోడులలో ఒకరు ఈ 2 క్వింటాళ్లను ఉచితంగా ఇచ్చినట్లే. ఒక తూకపు కాటా, ఒక నీటి తొట్టి, ఒక వల సంచి ఉన్న గ్రామంలో రైతు సంఘం ఈ కొలతను స్వయంగా చేసుకొని, పిండి శాతం ఆధారంగా ధరను అడగగలుగుతుంది.

ముగింపు

గంజిపిండి ఒకే పదార్థం కాదు. రకం, కాలం, తవ్విన గంటలు, సవరణ పద్ధతి కలిసి దానికి భిన్న గుణాలను కల్పిస్తాయి. ఆ గుణాలకే పరిశ్రమ ధర చెల్లిస్తున్నది. ప్రదర్శన క్షేత్రాలలో దిగుబడితోపాటు పొడి పదార్థపు శాతాన్ని కూడా నమోదు చేయడం, క్షేత్ర దినోత్సవాలలో నీటి తూకాన్ని చేసి చూపడం, మిల్లుల యజమానులను, రైతులను ఒకే వేదికపై కూర్చోబెట్టి తవ్వకపు వంతులను ముందుగా నిర్ణయించడం విస్తరణ కార్యక్రమాలలో చేర్చదగినవి. విద్యార్థుల పరిశోధనకు కూడా ఇందులో తావున్నది. స్థానిక రకాల పిండి చిక్కదనం, తవ్విన తరువాత గంటగంటకు తగ్గే తెల్లదనం, వానల తరువాత పిండి శాతంలో వచ్చే మార్పు వంటి అంశాలు చిన్న ప్రయోగశాలలోనే చేపట్టదగినవి. వాటి ఫలితాలు ముందుగా చేరవలసినది దుంప తవ్వే రైతుకు.